కాచిన నీళ్లు తాగుతున్నారు సరే, మజ్జిగలో ఏ నీళ్లు పోస్తున్నారు?

ప్రశ్న: మాది కోస్తాలో ఒక చిన్న మున్సిపాలిటీ. వానలు పడ్డాక కుళాయి నీళ్లు పసుపుపచ్చగా, వాసనతో వచ్చాయి. తర్వాత మున్సిపాలిటీ ఆటో వచ్చి మైకులో "నీళ్లు కాచి, చల్లార్చి, వడగట్టి తాగండి" అని చెప్పి వెళ్లింది. ఎన్నాళ్లో చెప్పలేదు. మా వీధిలో చాలా ఇళ్లలో విరేచనాలు. మా ఇంట్లో అత్తయ్యగారు, మా వారు, ఆరేళ్ల అమ్మాయి, పదకొండు నెలల బాబు ఉన్నాం. బాబుకి డబ్బా పాలు. మా ఆడపడుచు పురిటికి వచ్చింది, ఏడో నెల. ఇంటి ముందు చిన్న టిఫిన్ సెంటరు నడుపుకుంటున్నాం. కాచిన నీళ్లే ఇస్తున్నా మా అమ్మాయికి విరేచనాలు పట్టుకున్నాయి. "నలభై ఏళ్లుగా ఇవే నీళ్లు తాగాం, ఏమైంది" అని అత్తయ్యగారు కాచినవి ముట్టరు. ఎంతసేపు కాచాలి? ఇరవై నిమిషాలంటే గ్యాస్ ఎక్కడ సరిపోతుంది? ఇంట్లో ఆర్‌ఓ మిషన్ ఉంది, అది చాలదా? క్యాన్ నీళ్లు తెప్పించుకుంటే? కుళాయి సన్నగా వస్తుందని మా వీధిలో అందరం మోటారు పెట్టే పట్టుకుంటాం. మళ్లీ మామూలు నీళ్లు ఎప్పుడు తాగొచ్చు? (పేరు, ఊరు వేయవద్దని కోరారు.)

సమాధానం: అమ్మా, మీరు అడిగిన వరసలో కాకుండా ముందు మీ అమ్మాయి సంగతి చెబుతాను. మిగతావి ఒక పూట ఆగినా ఫరవాలేదు. ఇది ఆగదు.

విరేచనాల్లో ప్రాణం మీదకు తెచ్చేది ఒంట్లోంచి పోయే నీళ్లూ, ఉప్పూ. అవి పోతున్నంత వేగంగా తిరిగి లోపలికి వెళ్లాలి. ఓఆర్‌ఎస్ పొడి పాకెట్లు మీ వార్డు సచివాలయంలో ఏఎన్‌ఎమ్ దగ్గర, ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా ఇస్తారు. లీటరు పాకెట్ అయితే మొత్తం పొడిని ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసుకి చిటికెడు చొప్పున వేసి ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. అలా చేస్తే ఉప్పు, చక్కెర పాళ్లు తప్పి మందు మందులా పనిచేయదు. నీళ్లు ముందే కాచి చల్లార్చి అందులో పొడి కలపండి, కలిపాక మళ్లీ కాచకండి. 24 గంటలు దాటితే మిగిలింది పారబోసి కొత్తది కలపండి. విరేచనం అయిన ప్రతిసారీ అరగ్లాసు నుంచి గ్లాసు దాకా, గుక్కగుక్కగా తాగించాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి చెంచాతో మొదలుపెట్టండి. పాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో తలకొట్టి కొలవండి.

మందుల షాపులో పండ్ల రుచులతో రంగురంగుల డబ్బాల్లో వచ్చే తీపి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. వాటి మీద ఓఆర్‌ఎస్ అని రాసుకోకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశం ఇచ్చింది. హైదరాబాదుకు చెందిన ఒక పిల్లల వైద్యురాలు ఏళ్ల తరబడి పోరాడితే అది వచ్చింది. వాటిలో చక్కెర ఎక్కువ, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ముద్రించిన పొడి పాకెట్టే అడగండి.

దాంతోపాటు జింకు మాత్ర, ఆరేళ్ల పిల్లకు రోజుకి 20 మిల్లీగ్రాములు, 14 రోజులు. విరేచనాలు మూడో రోజుకే తగ్గినా మాత్రలు ఆపకండి. అన్నం మాన్పించకండి. గంజి, ఇడ్లీ, పెరుగన్నం, అరటిపండు పెట్టొచ్చు. పెద్దవాళ్లు వేసుకునే "విరేచనాలు ఆపే మాత్ర" మాత్రం పిల్లకు వేయవద్దు. కళ్లు లోతుకు పోయినా, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోయినా, మలంలో రక్తం కనబడినా, పిలిస్తే మగతగా చూస్తున్నా, గంజినీళ్లలా ఆగకుండా పోతున్నా ఇంట్లో వైద్యం మానేసి 108కి ఫోన్ చేయండి. కలరా అయితే గంటల్లోనే మనిషిని పడేస్తుంది.

ఇక మీ ఉత్తరంలో నన్ను బాగా ఆలోచింపజేసిన వాక్యం, "కాచిన నీళ్లే ఇస్తున్నా పట్టుకున్నాయి" అన్నది. మీరు కాచడంలో లోపం ఉందని నేను అనుకోను. తాగే నీళ్లు కాస్తున్నారు, నోట్లోకి వెళ్లే నీళ్లన్నీ కాయడం లేదు. మన ఇళ్లలో ఈ తేడా ఎక్కడెక్కడ వస్తుందో మీ వంటింట్లో నిలబడి ఒక్కసారి చూడండి.

మజ్జిగ. పాలు కాచే తోడు పెడతాం, పెరుగు శుభ్రమే. దాన్ని చిలికి పలచన చేసేటప్పుడు చెంబెడు నీళ్లు ఎక్కడివి పోస్తున్నారు? కుళాయి బిందెలోవే. విరేచనాలు పట్టినవాళ్లకు మంచిదని అదే మజ్జిగ గ్లాసులకొద్దీ తాగిస్తాం. చద్దన్నం కూడా అంతే. రాత్రి అన్నంలో పచ్చినీళ్లు పోసి తెల్లారేదాకా ఉంచితే, ఆ నీళ్లలో ఉన్న క్రిమికి రాత్రంతా తిండీ, వెచ్చదనమూ రెండూ దొరుకుతాయి. కాచి తాగమన్న ఈ మున్సిపాలిటీ నోటీసు ఉన్నన్నాళ్లు కాచి చల్లార్చిన నీళ్లే పోయండి, లేకపోతే చద్దన్నం మానేయండి. పళ్లు తోముకుని పుక్కిలించే నీళ్లు, ముఖ్యంగా పిల్లలవి, కాచినవే కావాలి. ఆరేళ్ల పిల్ల పుక్కిలిస్తూ సగం మింగేస్తుంది. ఫ్రిజ్‌లో ఐసు ముక్కలు ఆటో రాకముందు పెట్టినవైతే తీసి పారేయండి, చలికి క్రిమి చావదు. పచ్చిగా తినే ఉల్లిపాయ, కీరా, కొత్తిమీర కడిగే నీళ్లు, బడికి పంపే సీసా, గుళ్లో ఇచ్చే తీర్థం, బండి మీద చెరుకురసంలో వేసే ఐసు, పానీపూరీ నీళ్లు అన్నీ ఇందులోకే వస్తాయి. గుళ్లో పూజారిగారికి చెబితే ఆయనా కాచిన నీళ్లతో తీర్థం కలుపుతారు, అందులో అపచారం ఏమీ లేదు.

అన్నిటికంటే ఎక్కువసార్లు తప్పు జరిగేది నీళ్లు కాచిన తర్వాత. కుళాయి నీళ్లలో క్లోరిన్ కొంచెం మిగిలి ఉంటే అది బిందెలో కూడా కాపలా కాస్తుంది. కాచినప్పుడు ఆ క్లోరిన్ కూడా ఎగిరిపోతుంది. అంటే కాచిన నీళ్లు ఆ క్షణానికి శుభ్రం, కానీ వాటికి ఏ రక్షణా లేదు. అందులో ఒక్క వేలు మునిగినా, కుళాయి కింద తొలిచిన గ్లాసు ముంచినా మళ్లీ మొదటికే వస్తుంది. మూతి వెడల్పు బిందెలో పోసి అందరూ గ్లాసులు ముంచుకోవడం ఆపేయండి. కింద కుళాయి బిగించిన స్టీలు డ్రమ్ము అయితే మంచిది, లేదంటే ఇరుకు మూతి పాత్రకు మూత పెట్టి వంచుకోండి. పొడుగు కాడ గరిటె వాడితే అది ఆ పాత్రకే ఉండాలి, కింద పెట్టకూడదు. కాచిన పాత్రలోనే, మూత తీయకుండా చల్లారనివ్వండి. ఏ రోజు నీళ్లు ఆ రోజే వాడేయండి.

మైకులో చెప్పిన వరసలో ఒక్క మాట మార్చి పాటించండి. "కాచి, చల్లార్చి, వడగట్టి" అన్నారు. వడగట్టడం ముందు జరగాలి. మట్టి, నలకలు ఉన్న నీళ్లను ముందుగా తేటపడనిచ్చి, నాలుగు మడతల ఉతికిన గుడ్డలో వడగట్టి, ఆ తర్వాత కాయాలి. కాచి చల్లార్చిన మంచినీళ్లను వంటింటి గుడ్డలో వడగడితే, ఆ గుడ్డలో ఉన్నదంతా మళ్లీ నీళ్లలోకి దిగుతుంది. పటిక తిప్పితే మట్టి అడుక్కి దిగుతుంది, క్రిమి చావదు. పటిక వేసినా కాయాల్సిందే.

ఎంతసేపు? ఇరవై నిమిషాలు అక్కర్లేదు. నీళ్లు అంచు నుంచి అంచు దాకా కళపెళా తెర్లితే చాలు, ఆ తర్వాత ఒక్క నిమిషం ఉంచి స్టవ్ ఆపేయండి. విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు తెచ్చే క్రిములన్నీ ఆపాటికి చచ్చిపోతాయి. గిన్నె అడుగున చిన్న బుడగలు కనబడటం తెర్లడం కాదు, గరిటెతో తిప్పినా ఆగకుండా పొంగాలి. 2000 మీటర్లకు మించిన ఎత్తులో ఉండేవాళ్లయితే మూడు నిమిషాలు ఉంచాలంటారు. అరకు, లంబసింగి, హార్సిలీ హిల్స్‌తో సహా మన రెండు రాష్ట్రాల్లో అంత ఎత్తున ఊరేదీ లేదు. గ్యాస్ లెక్క కూడా చెబుతాను. మూత పెట్టి పది లీటర్లు తెర్లించడానికి సుమారు 100 నుంచి 120 గ్రాముల గ్యాస్ పడుతుంది. రోజుకి పది లీటర్లంటే నెలకు మూడున్నర కిలోలు, 14.2 కిలోల సిలిండర్‌లో నాలుగో వంతు. మూత లేకుండా ఇరవై నిమిషాలు మరిగిస్తే దీనికి బాగా ఎక్కువవుతుంది, అదనంగా వచ్చే మేలు ఏమీ లేదు. స్నానానికి, బట్టలకి, అంట్లకి కాయనక్కర్లేదు. అంట్లు తోమాక పూర్తిగా ఆరనివ్వండి, తడి గ్లాసులో తాగవద్దు. బాబుకి స్నానం చేయించేటప్పుడు నోట్లోకి పోకుండా చూసుకోండి, లేదా ఈ నాలుగు రోజులూ తడిగుడ్డతో తుడవండి.

గ్యాస్ అంత లేని ఇళ్లు మీ వీధిలో ఉంటే వాళ్లకు క్లోరిన్ మాత్రలు చెప్పండి. అవీ ఏఎన్‌ఎమ్ దగ్గరే ఉంటాయి. ఒక మాత్ర ఎన్ని లీటర్లకో పాకెట్ మీద రాసి ఉంటుంది, కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి చదివే వేయాలి. తేటనీళ్లలో వేసి, కలిపి, అరగంట ఆగాక తాగాలి. కాస్త మందు వాసన వస్తుంది. ఆ వాసన ఉంటేనే పనిచేసిందని అర్థం.

డబ్బా పాల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త. పాలపొడి కూడా పూర్తిగా క్రిమిరహితం కాదు. నీళ్లు తెర్లాక అరగంటకు మించి ఆగకుండా, ఇంకా బాగా వేడిగా, 70 డిగ్రీలకు తగ్గకుండా ఉన్నప్పుడే పొడి కలిపి, ఆ తర్వాత గిన్నెను చల్లటి నీళ్లలో పెట్టి గోరువెచ్చన చేసి పట్టించండి. మిగిలిన పాలు దాచవద్దు. పాలసీసా, పీక రోజూ నీళ్లలో మరిగించాలి. నన్నడిగితే ఈ రోజుల్లో సీసా పక్కన పెట్టి ఉగ్గుగిన్నెతో, చెంచాతో పట్టమంటాను. దాన్ని కడగడం తేలిక, సందుల్లో పాలు ఇరుక్కోవు. మీ దగ్గర ఇంకా పాలు పడుతుంటే అవి ఆపకండి.

టిఫిన్ సెంటరు మూయాల్సిన పని లేదు గానీ, మీ ఇంటి వరకూ ఉన్న బాధ్యత అక్కడ వీధికంతటికీ విస్తరిస్తుంది. ఇడ్లీ ఆవిరి మీద ఉడుకుతుంది, దోసె పెనం మీద కాలుతుంది, సాంబారు మరుగుతుంది. పిండిలో పోసిన నీళ్ల గురించి భయం లేదు. భయమంతా చట్నీ దగ్గరే. కొబ్బరి, పల్లీలు రుబ్బేటప్పుడు పోసే నీళ్లు, పది గంటలకు చట్నీ గట్టిపడిందని మళ్లీ పోసే గ్లాసెడు నీళ్లు పచ్చివే. పైన వేసిన వేడి పోపు ఆ చట్నీని అంతటినీ కాచదు. రుబ్బుడికి, పలచన చేయడానికి విడిగా కాచి చల్లార్చిన నీళ్లు ఒక డ్రమ్ములో పెట్టుకోండి. చట్నీ ఏ పూటకాపూటే చేయండి. టేబుల్ మీద జగ్గులో పెట్టే నీళ్లు కాచినవే పెట్టి, ఆ సంగతి సుద్దముక్కతో పలక మీద రాయండి. కస్టమర్లకు అది మంచి మాటే. పళ్లేలు బకెట్‌లో ముంచి తీయడం మానేసి కొన్నాళ్లు విస్తరాకుల్లో పెట్టండి. ఇంట్లో విరేచనాలు ఉన్నవాళ్లెవరూ వంట మీద చేయి వేయకూడదు. మీరు అమ్మాయిని కడిగి వచ్చి చట్నీ రుబ్బాల్సి వస్తే, చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడగకుండా గిన్నె ముట్టవద్దు. ఈ మాట కటువుగా ఉన్నా చెప్పకతప్పదు.

ఆర్‌ఓ మిషన్ చాలదా అన్నారు. అందులో నీళ్లను వడగట్టే పల్చటి పొర, మెంబ్రేన్, కొత్తదైతే క్రిమిని ఆపగలదు. కానీ మీ మిషన్‌లో మెంబ్రేన్ ఎప్పుడు మార్చారో, దాని రబ్బరు సీలు ఎక్కడ వదులైందో బయటికి కనబడదు. వడగట్టిన నీళ్లు నిలిచే లోపలి ట్యాంకులో క్లోరిన్ ఉండదు కాబట్టి అక్కడే క్రిమి పెరగవచ్చు. అందులో వెలుగుతో క్రిమిని చంపే యూవీ దీపం ఉన్నా, నీళ్లు మసకగా ఉంటే వెలుగు క్రిమిదాకా చేరదు. మురుగు కలిసిందని తెలిసిన నీళ్లకు ఆర్‌ఓని నమ్మకండి. ఆర్‌ఓ నీళ్లు పట్టుకుని వాటినే కాయండి, తేటగా ఉంటాయి. రాగి చెంబులో రాత్రంతా ఉంచితే పోతాయా అని చాలామంది అడుగుతారు. రాగికి ఆ గుణం కొంత ఉంది, గంటలు గంటలు పడుతుంది, మురుగునీళ్ల మీద దాన్ని ఆధారం చేసుకోలేం.

క్యాన్ నీళ్ల విషయంలో ఆ ప్లాంటు ఎక్కడి నీళ్లు తోడుతోందో కనుక్కోండి. మీ వీధి పైపో, మీ వీధి మురుగు పక్కనున్న బోరో అయితే మీకు ఒరిగేదేమీ లేదు. ఇరవై లీటర్ల క్యాను పది ఇళ్లు తిరిగి వస్తుంది, దాన్ని ఏ నీళ్లతో కడుగుతున్నారన్నది ఇంకో ప్రశ్న. సీలు, ఐఎస్ఐ గుర్తు, తేదీ ఉన్న సీసాలు వేరు, బండి మీద వచ్చే మూతలేని క్యాన్లు వేరు. రెండోరకం అయితే కాచే తాగండి.

ఒక హెచ్చరిక. కాచడం క్రిమికి మాత్రమే మందు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛ వచ్చి పడిపోయారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో కనబడింది. అలాంటి లోహాలు, పురుగుమందులు నీళ్లలో ఉంటే కాచినా పోవు. నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్లను మరిగిస్తే ఆవిరైన మేరకు ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. మీ నీళ్లకు కిరోసిన్ వాసనో, మందు కొట్టిన పొలం వాసనో వస్తే, జనానికి విరేచనాలు కాకుండా ఫిట్స్, తల తిరగడం లాంటివి వస్తే, కాచడం కూడా మానేసి వేరే చోటి నీళ్లు తెచ్చుకుని వెంటనే అధికారులకు చెప్పాలి. మీరు రాసినదాన్ని బట్టి, వాన తర్వాత పసుపు రంగు, వాసన, వీధంతా విరేచనాలు, అంటే ఇది పైపులోకి మురుగు కలిసిన వ్యవహారంలాగే ఉంది.

ఇక అత్తయ్యగారి మాట. నలభై ఏళ్ల కిందట వేసిన పైపు అప్పుడు కొత్తది, ఇప్పుడది తుప్పుపట్టి ఉంటుంది. నీళ్లు అవే కావచ్చు, వచ్చే దారి అది కాదు. ఇది వాదనగా కాకుండా నెమ్మదిగా చెప్పండి. కాచిన నీళ్లు చప్పగా ఉన్నాయని ఆవిడ అంటే, ఆ చప్పదనానికి కారణం కాచినప్పుడు నీళ్లలోని గాలి పోవడం. వేడినీళ్లతో తొలిచిన రెండు పాత్రల్లో అటూ ఇటూ నాలుగుసార్లు పైనుంచి పోస్తే రుచి తిరిగి వస్తుంది. జీలకర్రో వామో వేసి తెర్లించినా ఆవిడ ఇష్టంగా తాగవచ్చు. పెద్దవయసు ఒంటికి విరేచనాలు తట్టుకునే శక్తి తక్కువ. ఆవిడ మొండితనాన్ని ఒప్పుకుని వదిలేయకండి.

ఇప్పుడు మోటారు. నొచ్చుకోకుండా వినండి, మీ వీధి జబ్బుకు మీ వీధి మోటార్లు కూడా కారణం కావచ్చు. మన ఊళ్లలో నీళ్లు రోజుకి గంటో రెండు గంటలో వదులుతారు. మిగతా సమయమంతా పైపు ఖాళీగా ఉంటుంది. ఇంటింటికీ తీసిన ఇనప పైపు చాలాచోట్ల మురుగుకాలవ లోంచే దాటి వస్తుంది, అక్కడే తుప్పుపట్టి చిల్లు పడుతుంది. పైపు నిండుగా, ఒత్తిడితో ఉంటే ఆ చిల్లులోంచి మంచినీళ్లు బయటికి కారతాయి. పైపు ఖాళీ అయినప్పుడు, లేదా నలుగురు మోటార్లు వేసి లాగినప్పుడు, అదే చిల్లులోంచి మురుగు లోపలికి పీల్చుకుంటుంది. మోటారు నీళ్లతో పాటు కాలవనీ లాగుతుంది. అలా వచ్చినది మీ ఒక్క ఇంటికే కాదు, మోటారు కొనలేని చివరి ఇంటికీ చేరుతుంది. నోటీసు ఉన్నన్నాళ్లయినా వీధి మొత్తం మోటార్లు విప్పేయండి. నీళ్లు వదలగానే మొదట వచ్చే రంగునీళ్లను బిందెల్లోకి పట్టకుండా పోనివ్వండి.

ఇది ఎంతదాకా పోతుందో మనకు తెలుసు. 2009 మేలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో, తోళ్ల గోదాముల మధ్య ఇరుకు సందుల్లో, తాగునీటి పైపులోకి మురుగు కలిసి ప్రాణాలు పోయాయి. 2018 మార్చిలో గుంటూరు పాతబస్తీలో అదే జరిగింది. ఆసుపత్రిలో మంచాలు చాలలేదు. రెండుచోట్లా జనం ముందే వాసన వస్తోందని చెబుతూనే ఉన్నారు.

అందుకే ఆటో మైకు వచ్చినందుకు మున్సిపాలిటీని నేను తప్పుపట్టను. రాకపోతేనే తప్పు. కెనడాలో వాకర్టన్ అనే చిన్న ఊళ్లో 2000 మేలో పశువుల పేడ వాననీటితో బావిలోకి చేరింది. క్లోరిన్ సరిగ్గా కలపకుండానే కలిపినట్టు లెక్కలు రాశారు. పరీక్షలో పేడ నుంచి వచ్చే ఇ.కోలై అనే క్రిమి ఉందని తెలిసినా నీటి సంస్థ మేనేజరు బయటపెట్టలేదు. చివరికి ఆరోగ్యాధికారే అనుమానంతో కాచి తాగమని ప్రకటించేసరికి ఆలస్యమైపోయింది. ఏడుగురు చనిపోయారు, రెండువేల మందికి పైగా జబ్బుపడ్డారు. మీ మున్సిపాలిటీ నోరు విప్పింది. తప్పేమిటంటే ఎందుకు, ఎన్నాళ్లు, లీకు ఎక్కడ అన్నవి చెప్పకుండా వెళ్లిపోవడం. అవి అడిగి రాబట్టుకోవాల్సింది మీరే.

పదిమంది ఆడవాళ్లు కలిసి సచివాలయానికి వెళ్లండి. నోటిమాటగా కాకుండా కాగితం మీద రాసి, రసీదు తీసుకోండి. ఏ తేదీ నుంచి నీళ్లు రంగు మారాయి, ఏ ఇంట్లో ఎంతమందికి విరేచనాలు, ఎవరి గుమ్మం ముందు పైపు కాలవలోంచి వస్తోంది, ఇవి రాయండి. జబ్బుపడ్డ ఇళ్లను ఒక పటం మీద గుర్తుపెడితే లీకు ఎక్కడో ఫిట్టరుకి సగం తెలిసిపోతుంది. అడగాల్సిన మొదటి కోరిక క్లోరోస్కోప్ పరీక్ష. చిన్న గాజు గొట్టంలో కుళాయి నీళ్లు పోసి రెండు చుక్కల మందు వేస్తారు. క్లోరిన్ ఉంటే పసుపు రంగు వస్తుంది, పక్కనున్న రంగుల పట్టీతో పోల్చి ఎంతుందో చెబుతారు. ట్యాంకు దగ్గర చేసిన పరీక్ష చూపిస్తే ఒప్పుకోవద్దు. వీధి చివరి ఇంటి కుళాయి దగ్గర, మీ కళ్ల ముందు చేయమనండి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని మన దేశపు ప్రమాణం. అక్కడ రంగే రాకపోతే, దారిలో మురుగు ఆ క్లోరిన్‌ని తినేస్తోందని అనుమానించాలి. రెండోది, నీళ్ల నమూనా ప్రయోగశాలకు పంపి, మురుగు కలిసిందేమో పట్టిచ్చే కోలిఫామ్ క్రిముల పరీక్ష చేయించడం. ఫలితం కాగితం మీద అడగండి. లీకు బాగుచేసి, పైపులు కడిగి, వీధి చివర క్లోరిన్ కనబడి, వేర్వేరు రోజుల్లో తీసిన రెండు నమూనాల్లో కోలిఫామ్ లేదని వచ్చాకే మామూలు నీళ్లు తాగండి. నీళ్లు తేటబడ్డాయి కదా అని ముందే మొదలుపెట్టవద్దు, తేటనీళ్లలోనూ క్రిమి ఉంటుంది.

ఆ రోజు వచ్చాక మీ సంపు, మిద్దె మీద ట్యాంకు ఖాళీ చేసి తోమించండి. బ్లీచింగ్ పౌడర్‌ని నేరుగా చల్లకండి. కొంచెం నీళ్లలో ముద్దగా కలిపి, ఇంకా నీళ్లు పోసి, సున్నం అడుక్కి దిగాక పై తేట మాత్రమే పోయాలి. వెయ్యి లీటర్లకు తాజా పౌడరు రెండున్నర గ్రాముల చొప్పున లెక్క. మూట విప్పి నెలలైన పౌడరులో సత్తువ ఉండదు. ఆర్‌ఓ మిషన్‌లో ఫిల్టర్లన్నీ మార్పించండి.

మీ ఆడపడుచు సంగతి చివరికి ఉంచాను. ఎందుకంటే ఆమెకు ప్రమాదం నోటీసు ఎత్తేశాక కూడా ఉంటుంది. మురుగు కలిసిన నీళ్లతో వచ్చే కామెర్లలో హెపటైటిస్ ఇ అనే రకం ఉంది. అది మామూలు మనిషికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. గర్భిణులకు, అందులోనూ చివరి మూడు నెలల్లో, కాలేయం దెబ్బతిని ప్రాణాపాయం అవుతుంది. క్రిమి ఒంట్లోకి వెళ్లాక జబ్బు బయటపడటానికి రెండు వారాల నుంచి రెండు నెలలు పట్టవచ్చు. అంటే ఇవాళ తాగిన నీళ్ల ఫలితం సరిగ్గా ఆమె నెలలు నిండే వేళకు కనబడవచ్చు. అందుకని పురుడు అయ్యేదాకా, మున్సిపాలిటీ ఏం చెప్పినా, ఆమెకు కాచిన నీళ్లే ఇవ్వండి. వీలుంటే నీళ్లు బాగున్న ఊళ్లో అత్తవారింటికో, బంధువుల ఇంటికో కొన్నాళ్లు పంపండి. పుట్టింటి పురుడు ఆనవాయితీ అని పట్టుబట్టాల్సిన సమయం కాదిది, అత్తయ్యగారితో నేనన్నానని చెప్పండి. తదుపరి చెకప్‌లో నీళ్ల సంగతి డాక్టరుకి తప్పక చెప్పమనండి. అన్నం సయించకపోవడం, వాంతులు, మూత్రం ముదురు పసుపు రంగులో రావడం, కళ్లు పచ్చబడటం, వీటిలో ఏది కనబడినా అదే రోజు ప్రసూతి వైద్యం ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. పసరు మందు పోయిస్తామనీ, చేతి మీద కాల్పిస్తామనీ ఎవరు చెప్పినా ఒక్క పూట కూడా ఆగవద్దు.